కళాచార్యుడు అడివి బాపిరాజు

ఉద్దేశం

పరపాలన కాలంలో మన చదువులు ఏ తీరున మారాయో, ఆ మార్పు వల్ల మనం పొందిందేమిటో, పోగొట్టుకున్నదేమిటో, పోయినదాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మన పెద్దలు ఎలాంటి ప్రయత్నాలు చేశారో ఒక కళాకారుని జీవితం ద్వారా విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

హిందూపురం నుంచి సుమారు 15 కిలోమీటర్లు ప్రయాణం చేస్తే లేపాక్షి వస్తుంది. ఊరి మొదట్లోనే ఒకే బండను తొలిచి మలచిన మహానందీశ్వరుడు దర్శనమిస్తాడు. దాదాపు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గల ఆ బసవన్న మెడలోని గంటలు, గజ్జెలు, హారాలు నిన్న మొన్న చెక్కినంత స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడికి కొద్ది దూరంలో, తాబేలు ఆకారంలో ఉన్నందువల్ల కూర్మశైలమని పేరు పొందిన చిన్న గుట్ట మీద వీరభద్రాలయం ఉంది. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల పాలనాకాలంలో, విరుపణ్ణ, వీరణ్ణ అనే సోదరులు ఈ ఆలయ నిర్మాణానికి పూనుకొన్నారు. మంటపాల పైకప్పుల మీద పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయ కథ వర్ణచిత్రాలుగా రూపుదిద్దుకొన్నాయి. ఆ చిత్రాల్లోని స్త్రీపురుషుల వస్త్రాల అంచులను, పూలను, గళ్లను జాగ్రత్తగా చూసినవారికి ధర్మవరం మగ్గాల మీది పట్టుచీరలు గుర్తుకు వస్తాయి. ఆ బొమ్మల పక్కచూపును, పెద్ద కన్నులను చూసినవారికి ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంట తోలుబొమ్మలు గుర్తుకు వస్తాయి.

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతాల పిల్లలకు ఇవన్నీ ఇంటి పెరటి వంటివి. అయినా ఆంగ్లేయుల పాలనలో ఈ ప్రాంతపు పిల్లవాడు బడికి వెళ్లి చదివిన పుస్తకాల్లో వీటికి చోటు లేదు. ఆ పిల్లవాడు ఇంగ్లండు రాజుల వంశక్రమాన్ని వల్లె వేశాడు. తాను ఎన్నడూ చూడని పూల గురించి, మంచు గురించి పద్యాలు కంఠస్థం చేశాడు. తన ఊరి బసవన్న ఎవరి చేతి ఉలికి రూపు దాల్చిందో మాత్రం ఏ గురువూ చెప్పలేదు. అటువంటి కాలంలో ఆ రాతి బసవన్నను బంధువును పిలిచినంత చనువుగా పిలుస్తూ ఒక తెలుగు కవి పాట రాశారు. ఆ పాట తెలుగునాట ఎందరి నోళ్లలోనో నిలిచింది. ఆ కవి అడివి బాపిరాజు. ఆయన కవి మాత్రమే కాదు, చిత్రకారుడు, నవలాకారుడు, పత్రికా సంపాదకుడు. వీటన్నింటితో పాటు, మన చదువు మన నేల మీద నిలబడాలని నమ్మిన ఒక విద్యాసంస్థకు ప్రధానాచార్యుడు.

బాపిరాజు 1895 అక్టోబరు 8న పశ్చిమ గోదావరి ప్రాంతంలోని భీమవరంలో జన్మించారు. తల్లి సుబ్బమ్మ, తండ్రి కృష్ణయ్య. పాఠశాల చదువు ముగించి, పై చదువుల కోసం రాజమహేంద్రవరం చేరారు. ఆయన విద్యార్థిగా అడుగుపెట్టిన ఆనాటి విద్యావిధానం ఎటువంటిదో కొంత తెలుసుకోవడం అవసరం.

1835లో మెకాలే సమర్పించిన నివేదిక దరిమిలా ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం ఉన్నత విద్యకు ఆంగ్లాన్ని ప్రధాన సాధనంగా స్వీకరించింది. 1854లో వచ్చిన వుడ్ తాఖీదు ఆ విధానానికి పాఠశాలలు, విశ్వవిద్యాలయాలు గల ఒక పూర్తి వ్యవస్థను కల్పించింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో విశ్వవిద్యాలయాలు వెలిశాయి. తెలుగు పిల్లలు చదివే పాఠ్యగ్రంథాలు మద్రాసు విశ్వవిద్యాలయ పరీక్షలకు అనుగుణంగా తయారయ్యేవి. ఆ పరీక్షలో నెగ్గితే ఉద్యోగం, తప్పితే నిరుద్యోగం. అందువల్ల ఉపాధ్యాయుడు పరీక్షకు పనికివచ్చేదే చెప్పాడు, విద్యార్థి అదే చదివాడు. గణితమైనా చరిత్ర అయినా పై తరగతులకు వెళ్లేకొద్దీ ఆంగ్లంలోనే నేర్వవలసి వచ్చేది. విషయం అర్థం కాకపోయినా వాక్యం నోటికి వస్తే చాలనే అలవాటు అప్పుడే బలపడింది.

చిత్రకళ పరిస్థితి కూడా ఇంతే. ప్రభుత్వ కళాశాలల్లో గ్రీకు, రోమను శిల్పాల సున్నపు నమూనాలను ఎదుట ఉంచి, వాటిని యథాతథంగా గీయడమే విద్య అని బోధించేవారు. కలకత్తా కళాశాలకు అధ్యక్షుడుగా వచ్చిన ఇ. బి. హేవెల్ అనే ఆంగ్లేయుడు ఈ పద్ధతిని మార్చాలని ప్రయత్నించాడు. ఐరోపా చిత్రాలను తొలగించి, వాటి స్థానంలో ముఘలుల కాలపు సూక్ష్మచిత్రాలను ఉంచాడు. విచిత్రమేమంటే, దాన్ని వ్యతిరేకించినవారిలో భారతీయ విద్యార్థులే ఉన్నారు. తమకు నిజమైన కళ దక్కకుండా చేస్తున్నారని వారు అనుమానించారు. పాలకుడు పెట్టిన కొలబద్దను పాలితుడు తన కొలబద్దగా స్వీకరించినప్పుడు ఏం జరుగుతుందో ఈ సంఘటన చెబుతుంది. భూమి మీద ఉన్న పాలన కంటే మనసులో నాటుకొన్న పాలనను తొలగించడం కష్టం.

బాపిరాజు అదృష్టం ఏమిటంటే, రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాలలో ఆయనకు ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రధానాచార్యుడుగా లభించారు. కూల్డ్రే ఆంగ్లేయుడు, ప్రభుత్వోద్యోగి. అయినా ఆయనకు గోదావరి అన్నా, తెలుగు పల్లెలు అన్నా, భారతీయ కళ అన్నా ప్రేమ. స్వయంగా రచయిత, చిత్రకారుడు. తన శిష్యుల్లో కవితాశక్తి, చిత్రరచనాశక్తి ఉన్నవారిని గుర్తించి చేరదీశారు. దామెర్ల రామారావు, కవికొండల వెంకటరావు, అడివి బాపిరాజు వంటివారు ఆ గురువు నీడలో పెరిగారు. శిష్యులకు అజంతా గుహాచిత్రాల వంటి మన ప్రాచీన కళాసంపదను పరిచయం చేసినవారు కూల్డ్రే. పాఠ్యక్రమంలో లేనిదాన్ని ఒక గురువు తన ఇష్టంతో, తన శ్రమతో విద్యార్థులకు చూపించారన్నమాట. పాఠ్యగ్రంథం ఎలా ఉన్నా, గురువు దృష్టి విశాలమైతే విద్యార్థి కన్ను తెరుచుకొంటుందనడానికి ఇది నిదర్శనం.

పట్టభద్రులైన తరువాత బాపిరాజు మద్రాసులో న్యాయశాస్త్రం చదివారు. ఆనాటి చదువరులకు న్యాయవాద వృత్తి గౌరవప్రదమైన జీవనమార్గం. కాని ఆయన మనసు అక్కడ నిలవలేదు. గాంధీజీ పిలుపుతో 1920లో సహాయ నిరాకరణోద్యమం ఆరంభమైంది. ప్రభుత్వ విద్యాసంస్థలను, న్యాయస్థానాలను విడిచిపెట్టాలన్నది ఆ ఉద్యమ కార్యక్రమంలో ముఖ్యాంశం. బాపిరాజు ఉద్యమంలో పాల్గొని జైలుశిక్ష అనుభవించారు.

బడులను విడిచిపెట్టండి అని చెప్పడం సులభం. విడిచిపెట్టిన విద్యార్థి ఎక్కడికి వెళ్లాలి? ఈ ప్రశ్నకు ఆంధ్రదేశం చాలా ముందుగానే ఒక సమాధానం సిద్ధం చేసుకొన్నది. వంగ విభజనకు వ్యతిరేకంగా సాగిన ఉద్యమంలో భాగంగా 1906లో కలకత్తాలో జాతీయ విద్యా పరిషత్తు ఏర్పడింది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించి స్వదేశీ భావాలను, జాతీయ విద్య ఆవశ్యకతను ప్రబోధించారు. ఆ స్ఫూర్తితో కోపల్లె హనుమంతరావు తన న్యాయవాద వృత్తిని వదులుకొని, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభిసీతారామయ్యల తోడ్పాటుతో 1910లో మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. శాంతినికేతనంలో రవీంద్రనాథ ఠాకూరు చెట్ల నీడన పిల్లలకు చదువు చెబుతున్న రోజులవి. గుజరాత్ విద్యాపీఠం వంటి సంస్థలు పుట్టడానికి పదేళ్ల ముందే బందరులో ఈ ప్రయత్నం మొదలైంది.

ఆ కళాశాల ఆశయం రెండు మాటల్లో చెప్పవచ్చు. మొదటిది, విద్యార్థికి అతని భాషలో చెప్పడం. రెండవది, చేతికీ బుద్ధికీ మధ్య ఏర్పడిన గోడను తొలగించడం. అక్కడ సాహిత్యం, చరిత్ర, విజ్ఞానశాస్త్రాలతో పాటు నేత, వడ్రంగం, చిత్రలేఖనం కూడా విద్యలే. ప్రభుత్వ పాఠశాలలో చదివినవాడు చేతిపనిని చిన్నచూపు చూడడం నేర్చుకొన్నాడు. జాతీయ కళాశాల మగ్గాన్నీ పుస్తకాన్నీ ఒకే ఆవరణలో ఉంచి ఆ చిన్నచూపును పోగొట్టాలని ప్రయత్నించింది. 1920ల తొలినాళ్లలో వంగదేశం నుంచి ప్రమోదకుమార చటోపాధ్యాయ అనే చిత్రకారుడు ఆ కళాశాలలో ఆచార్యుడుగా పనిచేశారు. అవనీంద్రనాథ ఠాకూరు ఆరంభించిన నవ్య వంగ సంప్రదాయానికి చెందిన ఆ గురువు వద్ద బాపిరాజు చిత్రకళను నియమంగా అభ్యసించారు. ఇంతకుముందు ఆంగ్లేయ గురువు ఆయనకు కన్ను తెరిపించగా, ఇప్పుడు వంగ గురువు చేతికి కుంచె పట్టు నేర్పారు.

జాతీయ కళాశాలకు కష్టాలు తక్కువ కాలేదు. 1922లో కోపల్లె హనుమంతరావు నడివయసులోనే కన్నుమూశారు. విరాళాల మీద నడిచే సంస్థకు నిధుల కొరత తప్పలేదు. అన్నింటినీ మించిన చిక్కు మరొకటి ఉంది. జాతీయ విద్యాసంస్థలు ఇచ్చే పట్టాలు ప్రభుత్వోద్యోగాలకు దారి తీసేవి కావు. ఉద్యమం ఉధృతంగా ఉన్నప్పుడు తల్లిదండ్రులు ఉత్సాహంగా పిల్లలను పంపారు. ఉద్యమం చల్లబడగానే తమ బిడ్డల భవిష్యత్తు ఏమిటని బెంగపడ్డారు. వారి బెంగను తప్పు పట్టడానికి వీలులేదు. ఆకలి కూడా ఒక సత్యమే. అయితే పిల్లవాని ఆత్మగౌరవం మరొక సత్యం. ఈ రెండింటి నడుమ నలిగిన సంస్థకు 1935లో బాపిరాజు ప్రధానాచార్యుడయ్యారు. 1939 వరకు ఆ బాధ్యతను నిర్వహించారు.

అప్పటికే ఆయన పేరు ఆంధ్రదేశమంతటా మారుమోగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం నిర్వహించిన నవలల పోటీలో ఆయన రచించిన నారాయణరావు, విశ్వనాథ సత్యనారాయణ రచించిన వేయిపడగలు బహుమతిని పంచుకొన్నాయి. అంతటి కీర్తి ఉన్నవారు ఆదాయం, ఆడంబరం లేని విద్యాసంస్థలో చేరడం సామాన్య విషయం కాదు. పాట పాడగలిగినవారు, బొమ్మ గీయగలిగినవారు, కథ చెప్పగలిగినవారు ఒకే వ్యక్తిగా విద్యార్థుల మధ్య మెలగడం ఆనాటి కళాశాలల్లో అరుదు. స్నేహశీలత వల్ల ఆయన సాహితీలోకానికి బాపిబావ అయ్యారు. గురువుకూ శిష్యునికీ నడుమ భయం కాక ఆత్మీయత ఉండాలన్న జాతీయ విద్యాదర్శానికి ఆయన స్వభావమే తగిన వ్యాఖ్యానం.

ఆయన చలనచిత్రాలకు కళాదర్శకత్వం కూడా వహించారు. అనసూయ, ధ్రువ విజయం, పల్నాటి యుద్ధం వంటి చిత్రాలకు ఆయన కళాదృష్టి తోడ్పడింది. 1940లలో హైదరాబాదు నుంచి వెలువడిన మీజాన్ పత్రిక తెలుగు ప్రతికి సంపాదకత్వం వహించారు. ఆనాటి హైదరాబాదు రాజ్యంలో మరొక విధమైన సమస్య ఉండేది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నత విద్యను ఆంగ్లంలో కాక ఉర్దూలో బోధించి, దేశీయ భాషలో ఏ శాస్త్రమైనా చెప్పవచ్చునని రుజువు చేసింది. అది గొప్ప ముందడుగు. అయితే ఆ రాజ్యంలో అధిక సంఖ్యాకులైన తెలుగు పిల్లలకు ఉర్దూ ఇంటి భాష కాదు. దేశీయ భాష అయినంత మాత్రాన అది ప్రతి పిల్లవానికీ తల్లిభాష కాజాలదని ఈ అనుభవం తెలియజేస్తుంది. అటువంటి చోట తెలుగులో దినపత్రికను నడపడం కూడా ఒక విధమైన విద్యాదానమే.

బాపిరాజు చారిత్రక నవలలను ఈ దృష్టితో చూస్తే వాటి ప్రయోజనం మరింత స్పష్టమవుతుంది. హిమబిందు శాతవాహనుల కాలానికి చెందిన కథ. అడివి శాంతిశ్రీ ఇక్ష్వాకుల కాలానికి చెందినది. గోన గన్నారెడ్డి కాకతి రుద్రమదేవి కాలాన్ని చిత్రిస్తుంది. పాఠశాలలో ఈ చరిత్రలను చెప్పేవారు లేరు. అమరావతి స్తూపం నుంచి తవ్వి తీసిన శిల్పాల్లో అనేకం 1859లో ఓడ ఎక్కి లండను చేరాయి. నేటికీ అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తన తాతముత్తాతలు చెక్కిన రాయిని చూడాలంటే గుంటూరు విద్యార్థి మద్రాసుకో, సముద్రం దాటి లండనుకో వెళ్లవలసి వచ్చింది. రాళ్లను తిరిగి తేవడం బాపిరాజు వల్ల అయ్యే పని కాదు. అందువల్ల ఆయన ఆ రాళ్లు చెప్పే కథను తెలుగు పాఠకుని ఇంటికి తెచ్చారు. లేపాక్షి బసవన్న మీది పాట చేసిన పని కూడా ఇదే.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయాన్ని జాగ్రత్తగా ఆలోచించాలి. పరాయి పాలకులు తెచ్చిన చదువులో దోషాలున్నాయంటే, అంతకుముందున్న చదువు నిర్దోషమని అర్థం కాదు. వీధి బడుల్లో, ఆగమ పాఠశాలల్లో అందరికీ ప్రవేశం ఉండేది కాదు. స్త్రీలకు, దళితులకు చదువు చాలావరకు అందని ద్రాక్షగా ఉండేది. 1848లో జోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు పుణెలో బాలికల కోసం బడి తెరిచినప్పుడు వారిని ఎదిరించినవారు మనవారే. మిషనరీ పాఠశాలలు, ప్రభుత్వ పాఠశాలలు ఎందరికో మొదటిసారి తలుపు తెరిచాయన్నది చారిత్రక సత్యం. కనుక పాఠ్యక్రమాన్ని మన నేలకు తగినట్లు మార్చుకోవడమంటే పాతదాన్నంతా నెత్తిన పెట్టుకోవడం కాదు. ఆలయం కట్టించిన విరుపణ్ణ పేరుతో పాటు, పేరు మిగలని శిల్పి శ్రమను కూడా పాఠంలోకి తీసుకురావాలి. చీర కట్టిన రాణి చిత్రంతో పాటు, ఆ చీర నేసిన వేళ్ల నేర్పును కూడా విద్యగా గౌరవించాలి. నిమ్మలకుంటలో మేకతోలును శుద్ధి చేసి, రంగులద్ది, రామాయణ భారత కథలను తెర మీద ఆడించే కళాకారుడు బడి మెట్లెక్కి ఉండకపోవచ్చు. అంత మాత్రాన అతడు విద్యావిహీనుడు కాడు.

అలాగే, అన్య భాషను, అన్య దేశపు జ్ఞానాన్ని ద్వేషించడం కూడా ఈ మార్గం కాదు. బాపిరాజు జీవితమే ఇందుకు సాక్ష్యం. ఆయనకు మన కళను ప్రేమించడం నేర్పినవారిలో మొదటివారు ఆంగ్లేయులు. ఆయన చేపట్టిన నవలా ప్రక్రియ పశ్చిమం నుంచి వచ్చింది. ఆయన కృషి చేసిన చలనచిత్రం కూడా పరదేశపు యంత్రవిద్యే. ఆయన వాటిని తిరస్కరించలేదు. వాటి ముందు తల వంచనూ లేదు. వాటితో తన నేల కథ చెప్పారు. ఎవరి నుంచైనా నేర్చుకోవచ్చు. అయితే ఏది గొప్పదో, ఏది కాదో తేల్చే అధికారాన్ని మాత్రం మరొకరి చేతిలో పెట్టరాదు. జాతీయ విద్యకు సారం ఇదే.

1952 సెప్టెంబరు 22న బాపిరాజు దివంగతులయ్యారు. అప్పటికి దేశం స్వతంత్రమై 5 సంవత్సరాలు గడిచాయి. పాలకులు మారినంత వేగంగా పాఠాలు మారలేదు. తెలుగులో ఉన్నత విద్యాగ్రంథాలు సిద్ధం చేయడానికి తెలుగు అకాడమి 1968లో ఏర్పడింది. 2020లో ప్రకటించిన జాతీయ విద్యావిధానం ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు ప్రాధాన్యం ఇచ్చింది. తల్లిదండ్రులు ఇప్పటికీ బందరులోని ఆనాటి తల్లిదండ్రులు పడిన బెంగనే పడుతున్నారు. ఉపాధికి ఆంగ్లం కావాలి, ఊపిరికి తెలుగు కావాలి. ఈ రెండింటినీ పొందే మార్గం వెదకడం ఈ తరం విద్యార్థుల, ఉపాధ్యాయుల బాధ్యత.

లేపాక్షి గురించి జనశ్రుతిలో ఒక కథ ఉంది. రాజధనాన్ని ఆలయానికి వెచ్చించాడన్న నింద పడగా, విరుపణ్ణ రాజు దండనకు ముందే తన కన్నులను తానే పెరికి గోడకు విసిరాడని చెబుతారు. అసంపూర్ణంగా నిలిచిన కల్యాణమంటపం దగ్గరి గోడ మీద ఎర్రని మరకలను నేటికీ చూపుతారు. కథ నిజమో కాదో చరిత్రకారులు తేల్చవలసిన విషయం. కన్నులు ఉండి కూడా తన ఊరిని చూడలేకపోవడం మాత్రం మనం ఎరిగిన విషయమే. ఆ చూపును తిరిగి ఇవ్వడానికి కుంచెతో, కలంతో, బోధనతో శ్రమించిన ఆచార్యుడు అడివి బాపిరాజు. లేపాక్షికి వెళ్లిన విద్యార్థి బసవన్న ముందు ఛాయాచిత్రం తీసుకొని వెనుదిరగకుండా, ఒక్క గడియ నిలబడి, ఆ గజ్జెల వరుసను తన చేతితో కాగితం మీద గీయడానికి ప్రయత్నిస్తే, ఆ గురువుకు అంతకు మించిన దక్షిణ లేదు.

ప్రశ్నలు

1. ఆంగ్లేయుల పాలనలోని విద్యావిధానం తెలుగు విద్యార్థులను తమ పరిసరాలకు ఏ విధంగా దూరం చేసింది?

2. ఆంధ్ర జాతీయ కళాశాల ఆశయాలను, అది ఎదుర్కొన్న ఇబ్బందులను వివరించండి.

3. అడివి బాపిరాజు చారిత్రక నవలలు పాఠశాల చదువులోని ఏ లోటును పూరించాయి?

4. మీ ఊరిలో లేదా సమీపంలో ఉన్న ఒక శిల్పాన్నో, చేతివృత్తినో పరిశీలించి, దాన్ని పాఠంగా చెప్పవలసి వస్తే ఏయే అంశాలు చేరుస్తారో రాయండి.